లిటరేచర్ రివ్యూ అంటే సారాంశాల దండ కాదని నాకెలా తెలిసింది

నా థీసిస్ రెండో అధ్యాయాన్ని, అంటే నా అంశంపై ఇదివరకే వచ్చిన పరిశోధనలను సమీక్షించే లిటరేచర్ రివ్యూని, గైడ్ గారు రెండుసార్లు తిప్పి పంపారు. 26 పేపర్లు చదివి, ఒక్కోదానికి ఒక్కో పేరా చొప్పున 'ఫలానావారు ఇలా అన్నారు' అని రాసుకుంటూ పోయాను, ఇంకేం కావాలో తెలియక ఒకటే టెన్షన్. 'వీళ్లంతా ఇంత చెప్పాక నీ పరిశోధన దేనికి?' అని ఆవిడ అడిగితే నోట మాట రాలేదు.

అప్పుడు ఎక్సెల్‌లో ఒక పట్టిక వేశాను. పేపర్‌కో వరస, ఒక్కో వరసలో ప్రశ్న, పద్ధతి, శాంపిల్, ఫలితం, పరిమితి. నింపుతుంటేనే కనిపించింది, ఒకే ప్రశ్నకు సర్వేలు చేసినవాళ్లకు ఒకటి తేలితే ఇంటర్వ్యూలు చేసినవాళ్లకు ఇంకొకటి తేలింది, రెండూ కలిపి చూసినవాళ్లు వాటిలో లేరు. నేను వెతుకుతున్న ఖాళీ అదే! ఇక రచయితల పేర్లతో కాకుండా ఆ వాదనలతో పేరాలు మొదలుపెట్టి మళ్లీ రాశాను. 9 పేపర్లు ఎగిరిపోయాయి (వాటికి పడ్డ కష్టం తలుచుకుంటే ఉసూరుమనిపించింది). మూడోసారి గైడ్ గారు దిద్దింది కామాలే.