ముంజకాయల బండి ఎలా కట్టాలో మర్చిపోయారా?

మొన్న మా టెన్త్ బ్యాచ్ వాట్సాప్ గ్రూపులో ఎవడో ముంజకాయల బండి ఫోటో పెట్టాడు, ఇక రాత్రి 12 దాకా ఒకటే గోల, తీరా చూస్తే ఎలా కట్టాలో సగం మందికి గుర్తే లేదు. అందుకే రాస్తున్నా, ఈ ఎండాకాలం పిల్లలకి కట్టివ్వండి.

ఒకే సైజువి రెండు కాయలు ఏరుకోండి, ఒకటి పెద్దది ఒకటి చిన్నది అయితే బండి పక్కకి లాగేస్తది. అమ్మేవాళ్ళు ముంజలు ఒలిచి ఇచ్చేస్తారు, వద్దు కాయే కావాలని ముందే చెప్పాలి. పైన కొంచెం చెక్కించుకుని, 3 కళ్ళుంటాయిగా, బొటనవేలు పెట్టి జుర్రేయడమే, చొక్కా మీద మాత్రం పడనివ్వకండి, ఆ మరకకి మా అమ్మ చేతిలో ఎన్ని తిన్నానో.

ఇరుసుకి అడుగు పొడవు గట్టి పుల్ల తీసుకుని రెండు చివర్లూ మొన తేలేలా చెక్కి, కళ్ళ మధ్యలో కండ ఉన్నచోట సూటిగా గుచ్చండి. వంకరగా దిగితే చక్రం ఊగుతుంది.

అసలు కిటుకు తోసే కర్రలో ఉంది. చివర పంగ ఉన్న పొడవాటి కర్ర కావాలి, ఆ పంగ ఇరుసు మధ్యలో ఆని ఉండాలి. మా పక్కింటి అన్న అక్కడ కొబ్బరినూనె రాసేవాడు, వీధి రేసుల్లో ఎప్పుడూ ఆయనదే ఫస్టు, మాకు చాన్నాళ్ళు తెలీలా!

రెండ్రోజులకి కాయ ఎండి కన్నం లూజైపోద్ది. ఏముంది, ఇంకో రెండు కాయలు తినడమే.