హెడ్‌ఫోన్ స్టాండ్ ఊగుతోందా? ముందు తిరగేసి అడుగు చూడండి

ఇంట్లో చెక్కతో హెడ్‌ఫోన్ స్టాండ్ చేసుకున్నవాళ్ళు నా దగ్గరికి తెచ్చే ఫిర్యాదు ఎక్కువగా ఒకటే: "అన్నా, స్టాండు ఊగతా ఉంది." తెచ్చేసరికే దానికి రెండు అదనపు స్క్రూలు, ఒక ఎల్ బ్రాకెట్టు, పోస్టు (హెడ్‌ఫోన్‌ను మోసే నిలువు కర్ర) మొదట్లో కారి గడ్డకట్టిన ఫెవికాల్ ఉంటాయి. అడుగు ఎలా ఉందో మాత్రం ఎవరూ చూసి ఉండరు. రంపం, డ్రిల్లు పట్టడం వచ్చినవాళ్ళ కోసమే ఇది. ఎలా కోయాలో చెప్పను, ఏం జరిగితే ఏది చూసుకోవాలో చెబుతాను.

టేబుల్ మీద పెడితే ఊగుతోంది

మొదట తప్పు టేబుల్‌దేమో చూడండి. స్టాండు తీసుకెళ్ళి వంటింటి గ్రానైట్ గట్టు మీద పెట్టండి. అక్కడ కదలకుండా నిలబడితే మీ స్టాండు బాగానే ఉంది, టేబులే వంకర. హాస్టల్ గదుల్లోని టేబుళ్ళతో ఇది మామూలే. కాలి కింద అట్టముక్క మడిచి పెట్టుకుంటే పని అయిపోతుంది.

గట్టు మీద కూడా ఊగితే, అరచేత్తో బేస్‌ను, అంటే కింది పలకను, గట్టిగా అదిమి పట్టి రెండో చేత్తో పోస్టును ఊపండి. పోస్టు కదలకపోతే అతుకు తప్పు లేదు. ఇక దాని జోలికి పోవద్దు. చాలామంది ఈ ఒక్క పరీక్ష చేయకుండానే స్క్రూలు దించుతారు, బాగున్న అతుకు పగులుతుంది.

మిగిలింది బేస్. దాన్ని తిరగేసి, స్టీలు స్కేలును అంచు మీద నిలబెట్టి, చెక్క గీతలకు అడ్డంగా పెట్టండి. స్కేలు కింద నుంచి వెలుతురు ఎక్కడ వస్తోందో చూడండి. రెండు పక్కలా వెలుతురు కనిపిస్తే బేస్ మధ్యలో ఉబ్బింది. మధ్యలో కనిపిస్తే అంచులు కిందికి వంగాయి.

నన్ను బాగా ఏడిపించిన జబ్బు ఇదే. చేసిన రోజు రాయిలా నిలబడిన స్టాండు మూడు నెలల తర్వాత ఊగుతుంది. మధ్యలో దాన్ని ఎవరూ ముట్టుకుని ఉండరు. కారణం పైన కనిపించదు, ఎందుకంటే పైన వార్నిష్ చక్కగా మెరుస్తూ ఉంటుంది. అడుగు మాత్రం పూత లేని చెక్క. కనపడని చోటికి పాలిష్ ఎందుకని వదిలేసి ఉంటారు.

చెక్క గాలిలో తేమను పీల్చుకుంటే ఉబ్బుతుంది, తేమ పోతే కుంచించుకుపోతుంది. గీతల పొడవునా ఈ మార్పు దాదాపు ఉండదు, అడ్డంగానే ఉంటుంది. పైన వార్నిష్ తేమను నెమ్మదిగా రానిస్తుంది. అడుగున అడ్డుకునేదేమీ లేదు. దక్షిణ కోస్తా, రాయలసీమల్లో మనకు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వానలు. ఆ నెలల్లో అడుగు పైభాగం కంటే ఎక్కువ తేమ తాగి వెడల్పవుతుంది. దాంతో అంచులు పైకి లేచి, అడుగు మధ్యలో ఉబ్బి, స్టాండు ఉయ్యాలైపోతుంది. ఏప్రిల్, మే ఎండల్లో ఇదే తలకిందులవుతుంది: అడుగు ముందు ఎండి, అంచులు కిందికి వంగుతాయి. అప్పుడు స్టాండు తన అంచుల మీద నిలబడి బాగానే ఉన్నట్టు కనిపిస్తుంది. "ఎండాకాలం బాగుండేది, వానాకాలం చెడిపోయింది" అని ఎవరైనా అంటే ఇక స్కేలు కూడా అక్కర్లేదు.

ఎండీఎఫ్ (చెక్క పీచును అదిమి చేసిన పలక) ముక్కకు పైన మాత్రమే మైకా అంటించినా ఇదే కథ. అడుగున కూడా ఒక పల్చటి మైకా వేయాల్సిందే.

సరిచేసే పద్ధతిలో తొందర పనికిరాదు. నవంబరులో ఉబ్బు కనబడగానే చిత్రిక పట్టి చదును చేస్తే, చెక్క ఆరాక అటువైపు గుంట పడుతుంది. పోస్టు విప్పి, బేస్‌ను అంచు మీద నిలబెట్టి, రెండు ముఖాలకూ గాలి తగిలేలా నీడలో రెండు వారాలు ఉంచండి. చాలావరకు దానంతటదే సర్దుకుంటుంది. మిద్దె మీద ఎండలో పెట్టకండి, చివర్లు పగులుతాయి. తర్వాత గరుకు కాగితాన్ని గ్రానైట్ గట్టు మీద పరిచి, బేస్‌ను దాని మీద గుండ్రంగా రుద్దండి. అడుగంతా ముందే పెన్సిలుతో అడ్డదిడ్డంగా గీతలు గీసి పెట్టుకుంటే, అవన్నీ చెరిగిపోయినప్పుడు చదునైనట్టు లెక్క. చివరగా పైన వార్నిష్ ఎన్ని పూతలు వేశారో అడుగునా అన్నే వేయండి. నాలుగు అంచులూ, స్క్రూ రంధ్రాల లోపలా వదలొద్దు.

ఇంత చేసినా మళ్ళీ వంగితే చెక్కే పచ్చిది. మన వైపు చవగ్గా దొరికేది మామిడి. ముసలి తోటలు కొట్టేసినప్పుడల్లా దుంగలు సామిల్లుకు వస్తాయి, "ఎండిందే సార్" అంటారు. పైకి పొడిగానే తగులుతుంది. అంగుళం మందం పలక నీడలో మామూలుగా ఆరడానికి ఏడాది పడుతుందని వడ్రంగుల లెక్క. అడగడం కంటే తూచడం మేలు: ముక్కను వంటింటి డిజిటల్ కాటా మీద పెట్టి బరువు రాసుకోండి, నాలుగు రోజులకోసారి మళ్ళీ తూచండి. బరువు తగ్గుతూనే ఉంటే ఇంకా నీళ్ళు పోతున్నాయన్నమాట. రెండు వారాలు ఒకే అంకె చూపిస్తే అప్పుడు రంపం పట్టండి. మామిడి వద్దని ఎవరైనా ఎర్రచందనం ముక్క తెచ్చిస్తామంటే మాత్రం దండం పెట్టి పంపించండి. అటవీ శాఖ కాగితాలు లేకపోతే అది స్టాండు కాదు, కేసు.

ఆగలేనివాళ్ళకు ఒక దారి ఉంది. అడుగున ఉన్న నాలుగు రబ్బరు బుష్షులు పీకి మూడే వేయండి. మూడు కాళ్ళది ఎంత వంకర టేబుల్ మీదైనా ఊగదు. హెడ్‌ఫోన్ వేలాడే వైపు రెండు, వెనక ఒకటి. తిరగేసి వేశారో, ముందుకు బోర్లా పడుతుంది.

హెడ్‌ఫోన్ తగిలించగానే ముందుకు పడుతోంది

హెడ్‌ఫోన్ బరువు మామూలుగా 250 నుంచి 400 గ్రాములు, అంతకంటే పెద్దగా ఉండదు. పడేది బరువు వల్ల కాదు, అది బేస్ అంచు దాటి వేలాడటం వల్ల. హెడ్‌బ్యాండ్ కూర్చునే చోటు నుంచి దారం కట్టి ఒక నట్టు వేలాడదీయండి. నట్టు బేస్ మధ్య భాగంలోకి రావాలి. అంచు దగ్గరికి వస్తే పోస్టును వెనక్కి జరపండి, లేదా అడుగున బరువు పెట్టండి. బరువుకు మన దగ్గర గ్రానైట్ ముక్కలకు కొదవా? 20 సెంటీమీటర్లు పొడవు, 15 వెడల్పు, 18 మిల్లీమీటర్ల మందం ఉన్న ముక్క దాదాపు కిలోన్నర తూగుతుంది. సిలికాన్‌తో అంటించండి, ఫెవికాల్‌తో కాదు.

పోస్టు తిరుగుతోంది, ఊడివస్తోంది

అదిమి పట్టి ఊపినప్పుడు పోస్టు నిజంగానే కదిలితే ఇది చదవండి. పోస్టు కోసిన చివర జిగురును స్పంజిలా తాగేస్తుంది, అతుకులో ఏమీ మిగలదు. పాత జిగురు గీకేసి, ఆ కోసిన చివర మీద పల్చగా జిగురు ఒక పూత వేసి కాసేపు ఆగి, రెండోసారి జిగురు పూసి బిగించండి. ఒక స్క్రూ అయితే దాని చుట్టూ పోస్టు తిరుగుతుంది. అడుగు నుంచి రెండు స్క్రూలు, ముందుగా సన్న రంధ్రం వేసి. ఒక రోజు గడిచేదాకా హెడ్‌ఫోన్ తగిలించొద్దు.

హెడ్‌బ్యాండ్ మీద గుంట, జిగట

సన్నటి కడ్డీకి తగిలిస్తే గుంట పడకేం చేస్తుంది? 110 మిల్లీమీటర్ల పీవీసీ పైపును నిలువుగా సగం కోసి, నాలుగైదు సెంటీమీటర్ల వెడల్పు ముక్క పైన బిగించండి. జిగట ఉంటే పాలిష్ ఇంకా ఆరలేదు. గోరు నొక్కితే గుర్తు పడకుండా, వాసన రాకుండా అయ్యేదాకా ఆగండి. హెడ్‌బ్యాండ్ తోలు పొరలుగా రాలడం మాత్రం స్టాండు తప్పు కాదు. చెమటకూ తేమకూ రెక్సిన్ లాంటి ఆ కృత్రిమ తోలు అలాగే పోతుంది. తగిలించే ముందు తుడవండి.

మిగిలినవి

చిన్న రంధ్రాల నుంచి పిండి రాలుతుంటే పురుగు, ఆ ముక్క పారేయండి. మామిడి మీద నీలంగా మచ్చలొస్తే బూజు తాలూకు రంగు, బలానికి ఏమీ కాదు. స్టాండు దగ్గర హెడ్‌ఫోన్ బ్లూటూత్ తెగిపోతోందని ఒకరు అడిగారు. చెక్కకూ దానికీ సంబంధం లేదు, ఛార్జింగు చూసుకోండి.