తేయాకు రుచి పాఠాలు – 4: రంగు దిగేదాకా ఎదురుచూడకండి

మూడో పాఠంలో అస్సాం సీటీసీనీ (గింజల్లా ఉండే మామూలు చాయ్ పొడి), డార్జిలింగ్ ఫస్ట్ ఫ్లష్ (ఏడాదిలో మొదటి కోత) ఆకునూ పక్కపక్కన పెట్టి, పాలూ చక్కెరా లేకుండా తాగి చూడమన్నాను. చాలామంది చేశారు, సంతోషం. చేసినవాళ్ళలో ఎక్కువమంది రాసింది మాత్రం ఒకటే: డార్జిలింగ్ చేదుగా ఉంది, డబ్బులు దండగ. మల్కాజిగిరి నుంచి ఒకరైతే, ఇంత ఖరీదు పెట్టి కొన్న ఆకు కంటే మా గల్లీ చివర హోటల్ చాయే నయమని తేల్చేశారు.

ఈ వారం నీలగిరి, సిలోన్ ఆకుల దగ్గరికి వెళ్ళాల్సింది. వెళ్ళడం లేదు. మీ డార్జిలింగ్ ఎందుకు చేదెక్కిందో తేల్చుకోకుండా ముందుకు పోతే రేపు ఏ ఆకు కొన్నా ఇదే గతి పడుతుంది.

ఎలా పెట్టారో చెప్పమని రాసినవాళ్ళందరినీ అడిగాను. జవాబులు దాదాపు ఒకేలా వచ్చాయి. రెండు కప్పుల్లో ఆకు వేసి మరిగే నీళ్ళు పోశారు. అస్సాం కప్పు నిమిషం తిరక్కుండానే ఎర్రబడింది, వడకట్టేశారు. డార్జిలింగ్ కప్పు ఇంకా లేత పసుపు రంగులోనే ఉంది. డికాషన్ దిగలేదనుకుని అలాగే వదిలేశారు. కొందరు పది నిమిషాలు, కొందరు పావుగంట. కూకట్‌పల్లి నుంచి రాసినావిడ దాన్ని గిన్నెలో పోసి పొయ్యి మీద మళ్ళీ మరిగించారు. రెండు కప్పుల రంగూ దగ్గరపడ్డాక తాగి తీర్పు చెప్పారు.

ఇన్నేళ్ళుగా టీ రుచి చూడటం నేర్పుతున్నాను. నాకు అన్నిటికంటే ఎక్కువ చిరాకు తెప్పించేది ఈ రంగు దిగేదాకా ఆగే అలవాటే. కాబట్టి ఈ పాఠంలో సింహభాగం దానికే.

అలవాటు ఎక్కడిదో ముందు చూద్దాం. హైదరాబాద్‌లో మనం పుట్టి పెరిగింది పాల చాయ్ మీద. ఇరానీ హోటల్లో డికాషన్ ఒక పాత్రలో గంటల తరబడి దమ్ మీద ఉంటుంది, చిక్కగా మరిగిన పాలు ఇంకో పాత్రలో ఉంటాయి. కప్పులో రెండూ కలిసినప్పుడు వచ్చే రంగును బట్టే చాయ్ కడక్‌గా ఉందో పల్చగా ఉందో చెప్పేస్తాం. పాల చాయ్‌కి ఆ లెక్క చాలావరకు సరిపోతుంది. ఎందుకంటే ఎక్కువసేపు మరిగిన డికాషన్‌లోని వగరును పాలలోని ప్రోటీన్ పట్టేసుకుంటుంది, మిగిలినదాన్ని చక్కెర కప్పేస్తుంది. ఆకు ఎంతసేపు నానినా నాలుకకు శిక్ష పడదు. పాలు తీసేసిన రోజున ఆ రక్షణ పోతుంది. కన్ను మాత్రం పాత లెక్కే వేస్తుంటుంది.

ఇప్పుడు ఆకు సంగతి. 1930ల్లో అస్సాంలో వచ్చిన సీటీసీ యంత్రం ఆకును నలిపి, చీల్చి, గుండ్రటి గింజల్లా చుట్టేస్తుంది. ఆకు లోపలి రసమంతా గింజ పైకి వచ్చి, అక్కడే గాలి తగిలి ఎర్రబడి ఆరిపోతుంది. వేడి నీళ్ళు తగలగానే ఆ రసం కరిగిపోతుంది, నిమిషంలో రంగు వచ్చేస్తుంది. డార్జిలింగ్ లాంటి, ఆర్థడాక్స్ (పాత సంప్రదాయ) పద్ధతిలో చేసిన ఆకును మెలితిప్పుతారే గాని ముక్కలు చేసెయ్యరు. నీళ్ళు లోపలికి వెళ్ళాలి, ఆకు విచ్చుకోవాలి, రసం బయటికి రావాలి. దానికి సమయం పడుతుంది.

డార్జిలింగ్ ఫస్ట్ ఫ్లష్‌ది ఇంకా వేరే కథ. మార్చి, ఏప్రిల్ నెలల్లో కోసిన ఆ లేత ఆకును బాగా వాడబెడతారు. అందులో తేమ అంతగా తగ్గిపోయాక గాలికి ఎర్రబడటం సగంలోనే ఆగిపోతుంది. పేరుకు బ్లాక్ టీయే అయినా పొడి ఆకును అరచేతిలో పోసుకుని చూడండి: గోధుమరంగు తునకల మధ్య పచ్చటి ముక్కలు, వెండి నూగుతో మొగ్గల కొసలు కనిపిస్తాయి. టీకి ఎరుపునిచ్చే థియాఫ్లావిన్లు, థియారూబిజిన్లు ఆకు ఎర్రబడేటప్పుడే పుడతాయి. ఈ ఆకులో అవి తక్కువ. వాటిగా మారకుండా మిగిలిపోయిన కాటెచిన్లు ఎక్కువ. కాటెచిన్లకు రంగు లేదు, వగరూ చేదూ మాత్రం బాగా ఉన్నాయి. పావుగంట నానబెడితే ఆకు తన దగ్గర లేని ఎరుపును ఎక్కణ్ణుంచి తెచ్చిస్తుంది? ఉన్న చేదునే ఇస్తుంది. మీరు తాగింది అదే.

ఇంకొన్ని ఆకులు చూస్తే రంగుకీ బలానికీ పొత్తు లేదని తెలుస్తుంది. శ్రీలంకలో నువారా ఎలియా ఆకు దాదాపు 1,900 మీటర్ల ఎత్తున పెరుగుతుంది. కప్పులో లేత బంగారు రంగే, గుక్క వేస్తే మాత్రం బుగ్గలు చురుక్కుమంటాయి. చైనాలోని అన్‌హుయ్ రాష్ట్రం నుంచి వచ్చే కీమన్ ముదురు ఎరుపు, నోట్లో మెత్తగా జారిపోతుంది, వగరు బహు తక్కువ. నీలగిరి ఆర్థడాక్స్ ఈ రెంటికీ మధ్యలో, తేనె రంగులో, పూల వాసనతో ఉంటుంది. మంచి నీలగిరి దొరికిన రోజున నేను ఇంకో డబ్బా మూత తియ్యను. అస్సాం సెకండ్ ఫ్లష్ (రెండో కోత) ఆర్థడాక్స్ ఎర్రగానే ఉంటుంది, కాకపోతే ఆ ఎరుపు సీటీసీ అంత తొందరగా రాదు. ఆ రంగు వచ్చేలోగా మాల్ట్ (మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీ) వాసన ముందు తగులుతుంది.

కాబట్టి ఆపాల్సింది గడియారం చూసి. తేయాకు పోల్చడానికి ఐఎస్ఓ 3103 అని అంతర్జాతీయ ప్రమాణమే ఉంది. 100 మి.లీ. నీళ్ళకు 2 గ్రాముల ఆకు, 6 నిమిషాలు. ఏ ఆకైనా అంతే. 6 నిమిషాలంటే మొదటి నుంచీ గొడవ చేస్తున్నవాళ్ళున్నారు, అంతసేపు ఉంచితే తాగలేకపోతున్నామని. నిజమే, తాగడానికైతే నేనూ ఫస్ట్ ఫ్లష్‌ను 3 నిమిషాలకే దింపేస్తాను. 6 నిమిషాలు పెట్టేది ఆకులోని గుణమూ దోషమూ రెండూ బయటపడటానికి. సాయంత్రం చాయ్‌కి ఒక లెక్క, పరీక్షకు ఒక లెక్క. పరీక్ష చేస్తున్నప్పుడు రంగు మీరు సరిచెయ్యాల్సిన వస్తువు కాదు, పుస్తకంలో రాసుకోవాల్సిన ఫలితం. 6 నిమిషాలకు ఏ రంగు వచ్చిందో అదే దాని రంగు.

తూకం కూడా ఇక్కడే చెప్పేస్తాను. చెంచాతో కొలిచినవాళ్ళు దయచేసి చెంచా పక్కన పెట్టండి. సీటీసీ గింజలు చెంచాలో ఒత్తుగా కూర్చుంటాయి. మెలితిరిగిన పొడుగాటి ఆకు మధ్య ఉండేది గాలే. ఒకే చెంచాలో మొదటిది రెండోదానికి రెట్టింపు తూగినా ఆశ్చర్యం లేదు. గ్రాములో పదోవంతు చూపే చిన్న కాటా కొనుక్కోండి. నా పద్ధతి ఏమిటంటే, ఆదివారం కూర్చుని 3 గ్రాముల చొప్పున తూచి, కాగితంలో పొట్లాలు కట్టి, పేరు రాసి డబ్బాలో పడేస్తాను. వారమంతా కాటా మళ్ళీ తియ్యను. 3 గ్రాములకు 150 మి.లీ. నీళ్ళు.

నీళ్ళు ఎలా కాచాలో చెప్పను. ఏ నీళ్ళన్నది చెప్పాలి. మన అపార్ట్‌మెంట్లలో సంపులోకి నల్లా నీళ్ళూ వస్తాయి, బోరు నీళ్ళూ కలుస్తాయి, ఎండాకాలంలో ట్యాంకర్ కూడా. ఇవాళ పొద్దున వచ్చిన నీళ్ళు ఎల్లుండి రావు. బోరు నీళ్ళలో కాల్షియం, బైకార్బనేట్ ఎక్కువ. టీ మీద సన్నటి తెట్టు కడుతుంది, ఎరుపు మెరుపు పోయి మట్టిరంగుకు తిరుగుతుంది, రుచి మొద్దుబారుతుంది. ఆర్వో నీళ్ళలో రంగు తళతళలాడుతుంది గాని వగరు కొంచెం పదునెక్కి, ఒక్కోసారి టీ పల్చగా అనిపిస్తుంది. నేను ఆర్వో నీళ్ళు సగం, నల్లా నీళ్ళు సగం కలుపుతాను. మీరు ఏవైనా వాడండి, పోల్చే ఆకులన్నిటికీ ఒకే కెటిల్ నుంచి, ఒకే పూట పొయ్యండి. సోమవారం అస్సాం తాగి, గురువారం డార్జిలింగ్ తాగి పోల్చామంటే పోల్చింది నీళ్ళనే.

కప్పులు తెల్ల పింగాణీవి, ఒకే సైజువి. నానుతున్నంతసేపూ మీద సాసర్ మూత.

అత్తాపూర్ నుంచి ఒకరు, చల్లారాక అస్సాం మడ్డిగా పాలు కలిసినట్టు మారింది, కల్తీయా అని అడిగారు. కానే కాదు. వేడి తగ్గేకొద్దీ కెఫీన్, థియాఫ్లావిన్లు జట్టుకట్టి నీళ్ళలోంచి విడివడతాయి. టీ వ్యాపారంలో దీన్ని క్రీమింగ్ డౌన్ అంటారు, బలమైన ఆకుకు గుర్తుగా చూస్తారు. వేడి చేస్తే మళ్ళీ తేటపడుతుంది. కల్తీ రంగు అనుమానముంటే ఫిల్టర్ కాగితం మీద పొడి పరిచి నీళ్ళు చిలకరించండి. రంగు కలిపిన పొడి కాగితం మీద నల్లగోధుమ మరకలు దించుతుంది.

వగరు, చేదు ఒకటి కావు. ఉత్తరాల్లో రెండింటినీ చేదు కిందే జమకట్టారు. పచ్చి అరటికాయ ముక్క నమిలినప్పుడు బుగ్గల లోపల పట్టేసినట్టుండేది వగరు, ఉగాది పచ్చడిలో వేపపువ్వు నాలుక మీద దింపేది చేదు. బ్లాక్ టీలో వగరు ఉండాల్సిందే. గుక్క దిగాక అది కాసేపట్లో విడిపోయి నోరూరిందా, అది మంచి చురుకు. గొంతు దాకా గీరుకుంటూ నిలబడిపోయిందా, అది మొరటు ఆకు, లేదా ఎక్కువ నానిన ఆకు. రెండూ పట్టుబడాలంటే చెంచాతో తీసుకుని, గాలితో కలిపి చప్పుడయ్యేలా జుర్రాలి. వాసన నోటి వెనక నుంచి ముక్కుకు ఎక్కేది అప్పుడే. ఇంట్లో ఎవరైనా విసుక్కుంటే వంటింటి తలుపు వేసుకోండి.

కొనడం గురించి ఒక్క మాట. బేగంబజార్‌లో టీ దుకాణం ముందు నిలబడితే అడిగే మొదటి ప్రశ్న, "ఏం గావాలమ్మా, కడక్ కావాల్నా, ఖుష్బూ కావాల్నా?" అని. మంచి ప్రశ్నే, పాల చాయ్‌కి. మీరు మాత్రం, "సీటీసీ వద్దు భయ్యా, ఆర్థడాక్స్ ఆకు చూపించు. ఏ తోటది, ఎప్పుడు కోసింది?" అని అడగండి. ఆకు చేతిలో పోయించుకుని వాసన చూడండి. సోంపు, యాలకుల బస్తాల పక్కన ఉన్న ఆకైతే తీసుకోకండి. తేయాకు పక్కనున్న వాసన దేన్నీ వదలదు. డార్జిలింగ్ పేరుతో లూజుగా అమ్మేదాని మీద నాకు నమ్మకం తక్కువ. 2004–05లో మన దేశంలో భౌగోళిక గుర్తింపు (జీఐ) మొదట దొరికింది ఆ టీకే. రెండాకులూ మొగ్గా పట్టుకున్న స్త్రీ ముఖం ఉన్న టీ బోర్డు ముద్ర చూసి ప్యాకెట్టే కొనండి.

ఇక అభ్యాసం. కష్టమైనదే ఇస్తున్నాను.

డార్జిలింగ్ సెకండ్ ఫ్లష్ ఒకటి, నీలగిరి ఆర్థడాక్స్ ఒకటి తెచ్చుకోండి. ఒక్కోటి 6 గ్రాములు, 300 మి.లీ., 6 నిమిషాలు. వడకట్టి రెండింటినీ గోరువెచ్చగా అయ్యేదాకా పక్కన పెట్టండి, లేకపోతే వేడిలో తేడాయే జవాబు చెప్పేస్తుంది. ఇంట్లో ఒకరిని పిలిచి మూడు చిన్న కప్పుల్లో 25 మి.లీ. చొప్పున పొయ్యమనండి. రెండింట్లో ఒక ఆకు, మూడోదాంట్లో ఇంకోటి. ఏది ఒంటరిదో, అది ఏ వరసలో ఉందో ప్రతిసారీ వాళ్ళిష్టం. మీ కళ్ళకు గంతలు. రంగు ఈసారి మీకు సాయం రాకూడదు. రుచి చూసి ఒంటరి కప్పేదో చెప్పండి, మధ్యలో నీళ్ళు పుక్కిలించండి. టీ మింగక్కర్లేదు, ఉమ్మెయ్యండి. పరగడుపున మాత్రం చెయ్యకండి.

ఇలా 6 సార్లు. గుడ్డిగా చెబితే 6లో 2 తగులుతాయి. 5 సరిగ్గా చెప్పడం గాలివాటంగా నూటికి రెండుసార్లు కూడా జరగదు. 5 వస్తే ఐదో పాఠానికి రండి. 3 గానీ 4 గానీ వస్తే రెండు రోజులాగి మళ్ళీ చెయ్యండి, ఈసారి ప్రతి కప్పుకూ వగరు ఎంతసేపు నిలిచిందో మనసులో లెక్కపెట్టుకుంటూ. 2 గానీ అంతకన్నా తక్కువ గానీ వస్తే నీళ్ళు మార్చి చూడండి. బోరు నీళ్ళలో ఈ రెండు ఆకులూ ఒకేలా చచ్చుబడిపోతాయి.

రాసేటప్పుడు స్కోరుతో పాటు ఏ నీళ్ళు వాడారో కూడా రాయండి. ఐదో పాఠానికి నీలగిరి శీతాకాలపు ఆకు కావాలి. డిసెంబరు, జనవరిలో కోసినదేనని అడిగి, 100 గ్రాములు తెచ్చి పెట్టుకోండి.