పాత మోటారు బోటు డ్యాష్: వెలిసిన ప్యానెల్, వెలగని గేజ్‌లు

పాతికేళ్లు దాటిన ఫైబర్‌గ్లాస్ బోటు చేతికి రాగానే అందరి కన్నూ డ్యాష్ (డ్యాష్‌బోర్డు) మీద పడుతుంది. ప్యానెల్ పాలిపోయి ఉంటుంది, గేజ్‌ల (ఇంధనం, వేడి లాంటివి చూపించే ముల్లు మీటర్ల) వెనక దీపాలు చీకటి పడ్డాక కూడా కనీకనిపించనట్టు వెలుగుతుంటాయి. వెంటనే ఒక డబ్బా పెయింటు, ఒక ప్యాకెట్ ఎల్‌ఈడీ బల్బులు తెచ్చేస్తారు. పెయింటు సంగతి తర్వాత చూద్దాం. బల్బులు కొనడానికి ముందు రెండు నిమిషాల్లో అయిపోయే కొలత ఒకటుంది. అది మానేసి డ్యాష్ మొత్తం ఊడదీసేవాళ్లే ఎక్కువ.

ఇక్కడ చెప్పేది 1980ల నుంచి 2000 దాకా అమెరికాలో తయారైన 12 వోల్టుల బోట్ల గురించి. వాటిలో సాధారణంగా ముదురు నీలం వైరు గేజ్ దీపాలది, ఊదారంగు వైరు గేజ్‌లకు కరెంటు ఇచ్చేది, నలుపు నెగటివ్. గులాబీరంగు ఇంధన ట్యాంకు సెండర్‌ది, లేత గోధుమరంగు నీటి వేడి సెండర్‌ది (మట్టాన్నో వేడినో ఓమ్‌లుగా మార్చి గేజ్‌కి చెప్పే భాగమే సెండర్). ఇంజన్ లోపల ఉండే పెట్రోలు బోటైతే బ్లోయర్ (ఇంజన్ గదిలోని పెట్రోలు ఆవిరిని బయటికి తోసే ఫ్యాను) నాలుగు నిమిషాలు తిప్పి, వాసన లేదని చూసుకున్నాకే పని మొదలుపెట్టండి. కొలతలు తీసేటప్పుడు తప్ప బ్యాటరీ నెగటివ్ విప్పే ఉంచండి.

ఒక్క దీపమూ వెలగడం లేదు

ముందు ఫ్యూజు. తర్వాత స్విచ్. చాలా బోట్లలో గేజ్ దీపాలకు వేరే స్విచ్ ఉండదు, నావిగేషన్ లైట్ల స్విచ్‌తోనే వెలుగుతాయి. ఆ స్విచ్ వెనక ముదురు నీలం వైరు ఊడిందేమో చూడండి. వెలుగు తగ్గించే నాబ్ ఉంటే దాన్ని నాలుగైదుసార్లు ఆ చివర నుంచి ఈ చివరకు తిప్పండి. వెలిగి ఆరుతుంటే లోపలి తీగచుట్ట అరిగిందన్నమాట, మార్చేయండి.

ఒక్క గేజే చీకటి

బల్బు, లేదా దాని సాకెట్. పావు చుట్టు తిప్పితే సాకెట్ బయటికొస్తుంది. బల్బు చాలావరకు 194 లేదా 161 నంబరుది. 194 దాదాపు 0.27 ఆంపియర్లు తీసుకుంటుంది, 161 అయితే 0.19. తీగ తెగకపోయినా గాజు లోపల నల్లబడితే మార్చాల్సిందే. సాకెట్ రేకుల మీద చిలుము ఉంటే గీకి, కాస్త బయటికి వంచండి. అంతకంటే ఏమీ లేదు.

అన్నీ మందంగా వెలుగుతున్నాయి

అందరూ మోసపోయేది ఇక్కడే. దీపాల స్విచ్ వేసి, ఇంధనం ముల్లునీ వేడి ముల్లునీ చూడండి. స్విచ్ వేయగానే రెండూ కొంచెం పైకి జరిగి, ఆపగానే కిందికి దిగాయా? అయితే బల్బుల జోలికి పోకండి. జబ్బు నెగటివ్ వైరులో ఉంది.

కారులో ఇనప బాడీయే ఎర్త్. బోటులో ఫైబర్‌గ్లాస్ గుండా కరెంటు తిరిగి వెళ్లదు. డ్యాష్‌లోకి వచ్చిన ప్రతి ఆంపియరూ ఒక నల్ల వైరు పట్టుకుని ఇంజన్ దాకా, అక్కణ్నుంచి బ్యాటరీ దాకా పోవాలి. తయారీలో ఖర్చు కలిసొస్తుందని ఆ నల్ల వైరుని గేజ్ నుంచి గేజ్‌కి దండలా గుచ్చుకుంటూ పోతారు. ఒక్క నట్టు వదులైతే దాని అవతల ఉన్న గేజ్‌లన్నీ మందగిస్తాయి. స్టెర్న్‌డ్రైవ్ (ఇంజన్ బోటు లోపల, ప్రొపెల్లరు భాగం వెనక బయట ఉండే రకం) ఇంజన్లు చాలావాటిలో డ్యాష్ వైర్లన్నీ ఇంజన్ దగ్గర ఒక గుండ్రని ప్లగ్గులో కలుస్తాయి. మెర్‌క్రూజర్ బ్రాండు ఇంజన్లలో దాని మీద హోస్ క్లాంప్ (గొట్టాలకు బిగించే పట్టీ) కూడా బిగించి ఉంటుంది. ఆ ప్లగ్గులో నెగటివ్ పిన్ను చిలుముపట్టడం మామూలే.

లెక్క చూడండి. ఆరు గేజ్‌లకు ఆరు 194 బల్బులు అంటే 1.6 ఆంపియర్లు. దారిలో ఒక జాయింటు ఒక్క ఓమ్ అడ్డుపడినా 1.6 వోల్టులు అక్కడే పోతాయి. బల్బుకు 12.6 బదులు 11 వోల్టులే అందుతాయి. తీగ బల్బుకు వోల్టేజీ కాస్త తగ్గినా వెలుగు చాలా పడిపోతుంది, ఆ 11 వోల్టుల దగ్గర మూడో వంతుకు పైగా పోతుంది. అదే సమయంలో గేజ్ నెగటివ్ ఇంజన్ కంటే 1.6 వోల్టులు పైకి లేస్తుంది. సెండర్ నెగటివ్ మాత్రం వేరే దారిలో ఇంజన్‌కో బ్యాటరీకో తగిలి ఉంటుంది కాబట్టి, సెండర్ ఓమ్‌లు తగ్గాయేమోనని గేజ్ భ్రమపడుతుంది. అమెరికా పద్ధతిలో ఖాళీ ట్యాంకు 240 ఓమ్‌లు, నిండుది 33. ఓమ్‌లు తగ్గినట్టు కనిపిస్తే ట్యాంకు నిండుగా, ఇంజన్ వేడిగా చూపిస్తుంది. థర్మోస్టాట్, నీళ్ల పంపు ఇంపెల్లర్ మార్చినా వేడి ముల్లు దిగలేదని వాపోయేవాళ్లలో కొందరి జబ్బు ఇదే. ఇంధనం ముల్లు చెప్పే అబద్ధం ఇంకా చెడ్డది: రాత్రిపూట దీపాలు వేసుకుని వెనక్కి వస్తుంటే ఉన్నదానికంటే ఎక్కువ ఉందని చూపిస్తుంది.

మల్టీమీటరు పెట్టి చూశాం, 12.6 వచ్చింది అంటారు. దీపాలు ఆపి కొలిస్తే అలాగే వస్తుంది. మల్టీమీటరు లాగే కరెంటు దాదాపు సున్నా, ఇక జాయింటు దగ్గర ఏం పడిపోతుంది? ఇలా కొలవండి: ఇగ్నిషన్ ఆన్, దీపాలన్నీ ఆన్. నల్ల ప్రోబు నేరుగా బ్యాటరీ నెగటివ్ పోస్టు మీద పెట్టండి, లగ్గు (వైరు కొనకు బిగించే లోహపు ముక్క) మీద కాదు. దూరం చాలదు కాబట్టి పొడుగు వైరు ఒకటి కలుపుకోవాలి. ఎర్ర ప్రోబు గేజ్ వెనక జి (G) అని రాసి ఉన్న స్టడ్డు (వైరు పెట్టి నట్టు బిగించే మరల కడ్డీ) మీద. 0.2 వోల్టుల లోపు వస్తే నెగటివ్ బాగుంది. అర వోల్టు దాటితే గేజ్ నుంచి గేజ్‌కి, తర్వాత ప్లగ్గుకి, ఇంజన్ బ్లాకుకి, చివరికి బ్యాటరీ లగ్గుకి ఎర్ర ప్రోబు జరుపుతూ పోండి. ఎక్కడ అంకె ఒక్కసారిగా పడిపోతుందో దానికి ముందున్న జాయింటే దొంగ.

వదులు నట్టు ఒక్కటే అయితే ఇత్తడి బ్రష్షుతో గీకి బిగిస్తే చాలు. వైరు కొన కత్తిరించి చూసినప్పుడు రాగి నల్లగా ఉంటే, మెరిసే రాగి దొరికేదాకా కత్తిరించుకుంటూ పోవాలి. ఒక్కోసారి తొడుగు లోపల జానెడు దూరం నలుపు ఎక్కేసి ఉంటుంది. అలాంటి వైరుకి కొత్త లగ్గు వేస్తే ఒక్క సీజనే.

శాశ్వతంగా కావాలంటే దండ తీసేయండి. డ్యాష్ వెనక తగరపు పూత రాగి బస్‌బారు (చాలా వైర్లను ఒకేచోట కలిపే లోహపు పట్టీ) ఒకటి బిగించి, దాన్నుంచి బ్యాటరీ నెగటివ్‌కి ఒకే వైరు లాగండి. అమెరికా కొలతలో 10 నంబరు, అంటే 6 చదరపు మి.మీ.కి దగ్గరగా ఉండే తగరపు పూత వైరు. బస్‌బారు నుంచి ప్రతి గేజ్‌కీ విడిగా 16 నంబరు వైరు. లగ్గులు లోపల జిగురున్న హీట్‌ష్రింక్ (వేడి తగిలితే ముడుచుకుని బిగిసే) రకానివి, క్రింపింగ్ (లగ్గుని వైరు మీద నొక్కి బిగించడం) కచ్చితంగా రాచెట్ ప్లయర్‌తో. స్టడ్డు నట్టుని గట్టిగా తిప్పకండి, స్టడ్డే లోపల తిరిగి గేజ్ పోతుంది.

ఒక హెచ్చరిక. ఈ కొత్త వైరు వేయకముందే బ్యాటరీ నుంచి ఇంజన్ బ్లాకుకి వెళ్లే లావు కేబులు రెండు చివర్లూ శుభ్రం చేయండి. అది వదులుగా ఉంటే స్టార్టరు కరెంటు మీ సన్న వైరు దారి పట్టి, దాన్ని కాల్చేస్తుంది.

ఎల్‌ఈడీ వేస్తే బాగైపోయింది!

బాగవలేదు, కనబడకుండా పోయింది. ఎల్‌ఈడీ తీగ బల్బులో పదోవంతు కరెంటే తీసుకుంటుంది కాబట్టి చెడ్డ జాయింటు దగ్గర వోల్టేజీ పెద్దగా పడదు. హార్నో, బిల్జ్ పంపో (బోటు అడుగున చేరిన నీళ్లు తోడేది) అదే నెగటివ్ మీద నడిస్తే ముల్లు మళ్లీ ఆడుతుంది. నెగటివ్ సరిచేశాక ఎల్‌ఈడీ వేసుకోండి, సుఖంగా ఉంటుంది. వెలగకపోతే బల్బు తిప్పి పెట్టండి, దానికి ధ్రువాలున్నాయి. గేజ్ లోపల ఆకుపచ్చ తొడుగు ఉంటే ఆకుపచ్చ ఎల్‌ఈడీ, ఎర్రదైతే ఎర్రది. చల్లటి తెలుపు ఎర్ర తొడుగులోంచి మసకగానే వస్తుంది. పాత తీగచుట్ట నాబ్ ఎల్‌ఈడీని సరిగా తగ్గించదు, పీడబ్ల్యూఎమ్ డిమ్మరు (కరెంటుని వేగంగా వేస్తూ ఆపుతూ వెలుగు తగ్గించేది) కావాలి.

ప్యానెల్ వెలిసిపోయింది

ప్యానెల్ దేనితో చేశారో తెలియకుండా ఏ ద్రావకం గుడ్డా ముట్టించకండి. ఎసిటోన్‌తో ఒకసారి తుడిస్తే జెల్‌కోట్ (ఫైబర్‌గ్లాస్ మీది మెరిసే పైపొర) పెద్దగా చెడదు గానీ ప్లాస్టిక్‌ని జిగటగా చేసేస్తుంది, అల్యూమినియం మీద అచ్చు అక్షరాలను తుడిచేస్తుంది.

జెల్‌కోట్ అయితే వేలు రాస్తే సుద్దలా అంటుతుంది. 1000 నంబరు వాటర్ పేపరుతో మొదలుపెట్టి 1500, 2000, తర్వాత కాంపౌండ్, పాలిష్, మైనం. అంచుల దగ్గర పేపరు తేలిగ్గా ఆనించండి, అక్కడ పొర పలచన.

నల్ల ప్లాస్టిక్ అయితే డిష్ సోపుతో కడిగి, మెరుపు స్ప్రేల జిడ్డు పూర్తిగా వదిలించండి. సిలికోన్ మిగిలితే పెయింటు చేపకళ్లలా గుంటలు పడుతుంది. బూడిదరంగు స్కఫ్ ప్యాడ్, ప్లాస్టిక్ ప్రైమరు, పలచటి మూడు పూతలు. మెరిసే నలుపు వద్దు, ఎండ అంతా విండ్‌షీల్డులో కనపడుతుంది. వెనక నుంచి వెలుగొచ్చే స్విచ్ ప్యానెల్ అయితే అక్షరాల మీద టేపు వేసి కొట్టండి, లేకపోతే దీపం ఎంత బాగున్నా అక్షరం చీకటే.

గేజ్ అద్దం మీది మసక ప్లాస్టిక్ పాలిష్‌తో పోతుంది. లోపల సాలెగూడులాంటి పగుళ్లయితే పోవు. అవి ఎక్కువగా అమోనియా ఉన్న కిటికీ క్లీనరు పుణ్యమే. వెలిసిన ఎర్ర ముల్లుకి రంగు వేయాలనిపిస్తుంది, కానీ ఆ చుక్క బరువుకే ముల్లు తూకం తప్పుతుంది. డయల్ కూడా వెలిసిపోతే గేజ్ మార్చడమే. చిన్నవాటికి రంధ్రం 2 1/16 అంగుళాలు, టాకోమీటరుకి (ఇంజన్ వేగం, అంటే ఆర్పీఎమ్ చూపేది) సాధారణంగా 3 3/8. కొనేముందు పాతది తీసి కొలవండి.

దీపాలు మందగించడానికి ఆల్టర్నేటరు రెగ్యులేటరు, స్విచ్ లోపల కాలిన కాంటాక్టు కారణం కావడం అరుదు. బ్యాటరీ దగ్గర ఇంజన్ నడుస్తుండగా 13.8 నుంచి 14.4 వోల్టులు వస్తుంటే ఆల్టర్నేటరు వైపు వెళ్లక్కర్లేదు.

టాకోమీటరు వెనక సిలిండర్లు లేదా పోల్స్ (ఆల్టర్నేటరు అయస్కాంత ధ్రువాలు) ఎన్నో ఎంచుకునే చిన్న స్విచ్ ఉంటుంది. విప్పకముందే అది ఎక్కడుందో మార్కరుతో గీత పెట్టుకోండి. శుభ్రం చేస్తూ ఒక మెట్టు జరిగిందంటే ఆర్పీఎమ్ తప్పు చూపిస్తుంది, దానికోసం మళ్లీ డ్యాష్ విప్పాల్సి వస్తుంది.