మయోర్కా కొండల్లో సైకిల్ టూర్: పొలెన్సా నుంచి అంద్రాచ్ దాకా

స్పెయిన్‌కి చెందిన మయోర్కా దీవికి వాయవ్య అంచున, సముద్రాన్ని ఆనుకుని ట్రముంటానా కొండలు బారుగా ఉంటాయి. ఆ కొండల వెంబడి ఎం.ఎ.-10 అనే ఒకటే రోడ్డు, ఈ చివర పొలెన్సా, ఆ చివర అంద్రాచ్, మధ్యలో సుమారు 110 కిలోమీటర్లు. చాలామంది ఏదో ఒక బీచ్ హోటల్లో దిగి రోజూ ఒక కొండ ఎక్కి సాయంత్రానికి వెనక్కి వచ్చేస్తారు. అలా కాకుండా చిన్న బ్యాగులు కట్టుకుని, దారిలో ఊళ్లలో పడుకుంటూ ఈ రోడ్డు మొత్తం వెళ్లమని నా సలహా. ఈ కొండల అసలు అందం శిఖరాల్లో కంటే రెండు కొండల మధ్య దారిలోనే ఎక్కువ. రాయి మీద రాయి పేర్చి, సున్నం గానీ సిమెంటు గానీ లేకుండా కట్టిన గోడలు, వాటి మీద మెట్లు మెట్లుగా ఆలివ్ తోటలు. 2011లో యునెస్కో ఈ ప్రాంతాన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది ఇలా మనుషులు చెక్కిన కొండవాలు చూసే.

ముందు ఎటు నుంచి ఎటు వెళ్లాలో తేల్చుకోండి. పొలెన్సాలో మొదలుపెట్టి అంద్రాచ్ వైపు వెళ్లండి. అక్కడ బండ్లు కుడివైపు నడుస్తాయి కాబట్టి ఇలా వెళితే సముద్రం మీ కుడి చేతి పక్కనే ఉంటుంది, వ్యూ పాయింట్ దగ్గర ఆగాలంటే రోడ్డు దాటే పనే లేదు. పైగా దారి మధ్యలో వచ్చే సోయెర్ ఊరి నుంచి పూచ్ మజోర్ శిఖరం పక్కనున్న కనుమకు ఉన్న 14 కిలోమీటర్ల ఎక్కుడు మీకు దిగుడుగా మారిపోతుంది. బ్యాగులతో వెళ్లేవాళ్లకి ఇది చిన్న విషయం కాదు.

కాలం విషయానికొస్తే మార్చి నుంచి మే దాకా, లేదంటే సెప్టెంబర్ చివర, అక్టోబర్. జులై, ఆగస్టుల్లో ఎండ, కార్లు రెండూ ఎక్కువే. ఏప్రిల్ చివర్లో 312 కిలోమీటర్ల పెద్ద సైకిల్ ఈవెంట్ జరుగుతుంది, ఆ వారంలో అద్దె సైకిళ్లు దొరకడం కష్టం, కాబట్టి ముందే బుక్ చేసుకోండి లేదా తేదీలు మార్చుకోండి. వసంతంలో కింద ఎండ కాస్తున్నా పైన కనుమలో చలిగాలి కొడుతుంది, ఒక పల్చని విండ్ జాకెట్ జేబులో ఉండాల్సిందే.

వీసా సంగతి కూడా ముందే చూసుకోండి. ఇండియన్ పాస్‌పోర్ట్ మీద లండన్‌లోనో డబ్లిన్‌లోనో ఉంటున్నవాళ్లకి కూడా షెంగెన్ వీసా కావాలి, అక్కడి రెసిడెన్స్ కార్డు సరిపోదు. జర్మనీ, నెదర్లాండ్స్ లాంటి చోట్ల రెసిడెన్స్ పర్మిట్ ఉన్నవాళ్లకి ఆ అవసరం లేదు.

సైకిల్‌ని దీవి రాజధాని పాల్మాలోని విమానాశ్రయం దాకా మోసుకెళ్లడం కంటే అక్కడ అద్దెకి తీసుకోవడమే మేలు. తీసుకునేటప్పుడు గేర్లు చూడండి. ముందు పెడల్ దగ్గరి చిన్న పళ్ల చక్రం (చైన్‌రింగ్) 34 పళ్లు, వెనక చక్రానికి ఉండే పెద్ద పళ్ల చక్రం (స్ప్రాకెట్) కనీసం 32, 34 ఉంటే ఇంకా మంచిది. టైర్లు 28 మిల్లీమీటర్లు లేదా అంతకంటే లావువి, డిస్క్ బ్రేకులు ఉన్నది అడగండి. ఇక అన్నింటికంటే ముఖ్యమైనది: మన దగ్గర సైకిళ్లకు ముందు బ్రేకు మామూలుగా కుడి చేతికి ఉంటుంది, అక్కడ ఎడమ చేతికి ఉంటుంది. షాపు ముందే నాలుగు రౌండ్లు తిరిగి చేతికి అలవాటు చేసుకోండి, లేదా మార్చి ఇమ్మని అడగండి. హెయిర్‌పిన్ మలుపులో వెనక బ్రేకు అనుకుని ముందుది గట్టిగా పట్టేస్తే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. ఊరు దాటిన రోడ్ల మీద హెల్మెట్ పెట్టుకోవడం చట్టప్రకారం తప్పనిసరి. లైట్లు కూడా పెట్టుకోండి, దారిలో టన్నెళ్లు ఉన్నాయి.

ప్రాక్టీసుకి అంత దూరం ఆలోచించొద్దు. విశాఖ వైపు వాళ్లకి ఎస్.కోట నుంచి అనంతగిరి ఎక్కే అరకు ఘాట్ ఉంది, హైదరాబాద్ వాళ్లకి వికారాబాద్ అనంతగిరి ఉంది. గంటసేపు ఆగకుండా, మాట్లాడగలిగేంత ఊపిరితో తొక్కడం వస్తే చాలు. స్పీడ్ గురించి టెన్షన్ పడకండి.

మొదటి రోజు పొలెన్సా నుంచి ల్యుక్ మఠం దాకా, 20 కిలోమీటర్లే. ఊరు దాటాక కొంతసేపు చదునుగా ఉండి, తర్వాత కోల్ దె ఫెమెనియా (కోల్ అంటే కనుమ) మొదలవుతుంది, 515 మీటర్ల ఎత్తు. వాలు 5, 6 శాతం మధ్య ఉంటుంది కాబట్టి ఒంటిని మేలుకొల్పడానికి సరిగ్గా సరిపోతుంది. మధ్యాహ్నానికి చేరిపోతారు. మఠంలో బస చేయడానికి గదులు ఇస్తారు, ముందే బుక్ చేసుకోవాలి. దగ్గర్లోనే కోల్ దె సా బతాయా దగ్గర పెట్రోల్ బంకు పక్కన ఒక కేఫ్ ఉంది, ఏ పూట చూసినా ఆ గోడలకి సైకిళ్లు ఆనించి ఉంటాయి. ఇంత తక్కువ దూరానికి ఒక రోజు ఎందుకు అనిపించవచ్చు, దానికి కారణం మరునాటి ఉదయం.

మరునాడు తెల్లవారగానే బయల్దేరి సముద్రపు ఒడ్డున ఉన్న సా కలోబ్రాకి వెళ్లండి. పాత రాతి కాలువ వంతెన కనిపించిన చోట కుడివైపు తిరిగితే ముందు రెండు కిలోమీటర్లు ఎక్కి, కోల్ దెల్స్ రెయిస్ అనే 682 మీటర్ల కనుమ దాటి, అక్కడి నుంచి సముద్రం దాకా దిగుతారు. దిగిన దారిలోనే మళ్లీ ఎక్కాలి, సైకిల్ మీద వేరే దారి లేదు. దాదాపు 9.5 కిలోమీటర్లు, సగటు వాలు 7 శాతం, 26 హెయిర్‌పిన్లు. 1930లలో అంతోని పారియెత్తి అనే ఇంజినీరు దీన్ని వేశాడు. టన్నెళ్లు తవ్వకుండా కొండ వంపుల వెంబడి తిప్పుతూ తెచ్చాడు, ఒక చోట రోడ్డు గుండ్రంగా తిరిగి తన కిందనుంచే తాను వెళుతుంది, దాన్ని టై ముడి అంటారు. బ్యాగులు మాత్రం మఠంలోనే వదిలి వెళ్లండి, తిరిగి వచ్చి తీసుకోవడం కాస్త అదనపు దూరమైనా ఆ బరువుతో ఎక్కడం కంటే వంద రెట్లు నయం.

పొద్దున్నే వెళ్లమనడానికి కారణం బస్సులు. పది గంటలు దాటితే టూరిస్టు బస్సులు వరుసగా దిగుతాయి, ఒక్కో మలుపులో బస్సు రోడ్డు మొత్తం ఆక్రమిస్తుంది. మలుపు దగ్గర బస్సు ముక్కు కనిపిస్తే పంతానికి పోకుండా పక్కకి జరిగి ఆగిపోండి. మన ఘాట్ రోడ్లలో లాగా హారన్ కొట్టి వస్తారని ఆశించకండి. మేకలు, గొర్రెలు కూడా రోడ్డు మీదే నిలబడి ఉంటాయి. దిగేటప్పుడు చేతులు హ్యాండిల్ కింది వంపులో పెట్టి, బ్రేకు మలుపుకి ముందే వేసి, మలుపులో వదిలేయండి. చూపు ముందు చక్రం మీద కాదు, మలుపు ఎక్కడ ముగుస్తుందో అక్కడ ఉండాలి. బ్రేకు ఆపకుండా రాస్తూ దిగితే వేడెక్కిపోతుంది, అలా కాకుండా కొద్దికొద్దిగా గట్టిగా నొక్కి వదలడం నేర్చుకోండి. ఎక్కేటప్పుడు మొదటి రెండు కిలోమీటర్లు చాలా నెమ్మదిగా తొక్కండి, వాలు అక్కడక్కడ 10 శాతం దాటుతుంది, చివరికి బలం మిగలాలి.

మళ్లీ ఎం.ఎ.-10 మీదికి వచ్చాక గోర్గ్ బ్లావ్, కూబెర్ అనే రెండు జలాశయాల పక్కగా దారి వెళుతుంది. ఇక్కడ దుకాణాలు దాదాపు లేవు, రెండు బాటిళ్లూ నింపుకునే రండి. కూబెర్ దాటాక పూచ్ మజోర్ కింద టన్నెల్, అది దాటితే సోయెర్ దాకా 14 కిలోమీటర్లు దిగుడే. లైట్లు వేసి, జాకెట్ వేసుకున్నాకే టన్నెల్లోకి వెళ్లండి. ఆ దీవిలో అన్నిటికంటే ఎత్తైన శిఖరం పూచ్ మజోర్ మీ పక్కనే ఉంటుంది, కానీ దాని మీద సైనిక రాడార్ ఉంది కాబట్టి ఆ రోడ్డు మనకి మూసేసి ఉంటుంది. దిగుతూ దారిలో మిరదోర్ దె సెస్ బార్కెస్ దగ్గర ఆగి, సోయెర్ లోయ నారింజల రసం తాగండి.

సోయెర్‌లో ఒక్క జాగ్రత్త. ఊరి నుంచి రేవు దాకా 1913 నాటి ట్రామ్ ఇప్పటికీ నడుస్తుంది, దాని పట్టాలు కొన్ని చోట్ల రోడ్డు మీదే ఉంటాయి. సన్నటి టైరు పట్టా సందులో ఇరుక్కుంటే నేరుగా నేల మీదే. ఎప్పుడు దాటినా అడ్డంగా, తొంభై డిగ్రీల కోణంలో దాటండి, తడిగా ఉంటే దిగి నడిపించండి. పాల్మా వైపు వెళ్లే టన్నెల్లోకి సైకిళ్లను రానివ్వరు, అటు పోవాలంటే మలుపులతో నిండిన పాత కోల్ దె సోయెర్ రోడ్డే దిక్కు, అదీ అందమైన దారే.

తిండి గురించి రెండు మాటలు. ఎన్సాయిమాదా అనే చుట్టల రొట్టె ప్రతి కేఫ్‌లో ఊరిస్తుంది, కానీ సంప్రదాయంగా దాన్ని పంది కొవ్వుతో చేస్తారు, శాకాహారులూ పంది మాంసం తినని వాళ్లూ గమనించండి. వాళ్లకి పా అంబ్ ఒలి ఉంది, టమాటా రుద్ది ఆలివ్ నూనె పోసిన రొట్టె, చీజ్‌తో ఇమ్మని చెప్పండి. వంకాయ, బంగాళాదుంప, క్యాప్సికం పొరలుగా పేర్చి చేసే తుంబెత్ అన్నం లేకపోయినా మన నాలుకకి నచ్చుతుంది. రాత్రి భోజనం ఎనిమిదికి గానీ మొదలవ్వదు, సాయంత్రం ఆకలికి సంచిలో ఏదో ఒకటి ఉంచుకోండి.

సోయెర్ నుంచి అంద్రాచ్ దాకా సుమారు 60 కిలోమీటర్లు, ఒక్క రోజులో అయిపోతుంది కానీ రెండు రోజులు చేయమంటాను. దెయా, వల్దెమోసా ఊళ్ల దగ్గర కార్ల రద్దీ ఎక్కువ, పొద్దున్నే దాటేయండి. వల్దెమోసా తర్వాత రద్దీ పలచబడుతుంది, అప్పుడు అసలు దారి మొదలవుతుంది. బన్యల్బుఫార్‌లో సముద్రం దాకా దిగిన మడులు, ఊరికి కాస్త అవతల రోడ్డు పక్కనే సముద్రపు దొంగల మీద నిఘాకి కట్టిన 16వ శతాబ్దపు బురుజు. ఆ రాత్రి అక్కడే ఉండండి. మరునాడు ఎస్తెయెన్క్స్ మీదుగా అంద్రాచ్‌కి చిన్న చిన్న ఎక్కుడు దిగుళ్లు చాలా వస్తాయి, ఒక్కోటి పెద్దది కాకపోయినా కాళ్లు అలసిపోయి ఉంటాయి కాబట్టి ఉదయం బాగా తిని బయల్దేరండి.

అంద్రాచ్ నుంచి పాల్మాకి ఇంకో 30 కిలోమీటర్లు. మ్యాప్‌లో కనిపించే మోటర్‌వే మీదికి మాత్రం ఎక్కకండి, దాని మీద సైకిళ్లు నిషేధం, పక్కనున్న పాత రోడ్డు పట్టుకోండి. సైకిల్ తిరిగి ఇవ్వాల్సిన షాపు పొలెన్సాలోనే ఉంటే ఈ లెక్కంతా తలకిందులవుతుంది, అందుకే బుక్ చేసేటప్పుడే పాల్మాలో తిరిగి ఇవ్వొచ్చా, అదనంగా ఎంత తీసుకుంటారు అని అడిగి రాతపూర్వకంగా తీసుకోండి.