పాత చవక ఎలక్ట్రిక్ గిటార్ బాగుచేయాలంటే రంగు జోలికి వెళ్లకండి, ముందు నెక్ చూడండి

పాత గిటార్ చేతికి రాగానే చాలామందికి చేతులు దురద పెట్టి ముందు చేసే పని రంగు గీకేయడం. ఆ పని మాత్రం వద్దు. రంగు మార్చినంత మాత్రాన సౌండ్ బాగుపడదు, పైగా పాతదనం ఒకసారి పోతే మళ్లీ రాదు. 1960ల్లో జపాన్‌లో తయారైన టైస్కో లాంటి చవక గిటార్లలో ఇప్పటికీ ముచ్చటగా మోగేవి చాలానే ఉన్నాయి. వాయించడానికి ఇబ్బంది పెట్టేది ఎక్కువగా నెక్ (వేళ్లతో తీగలు నొక్కే పొడవాటి చెక్క), బ్రిడ్జ్ (బాడీ మీద తీగలు ఆనే భాగం), మట్టి పట్టిన వైరింగే.

ఏదీ విప్పకముందే, ఉన్న తీగలతోనే శృతి చేసి నెక్ చూడండి. లావు తీగని మొదటి ఫ్రెట్ (నెక్ మీద అడ్డంగా ఉండే సన్న లోహపు పట్టీ) దగ్గర ఒక చేత్తో, నెక్ బాడీలో కలిసే చోటి ఫ్రెట్ దగ్గర ఇంకో చేత్తో నొక్కి పట్టుకుంటే ఆ తీగే మీకు స్కేలు. ఏడో ఎనిమిదో ఫ్రెట్ మీద 0.25 మిల్లీమీటర్ల సందు కనిపిస్తే బాగున్నట్టే. అంతకంటే బాగా ఎక్కువుంటే ట్రస్ రాడ్‌ని (నెక్ లోపల ఉండి దాని వంపు సరిచేసే ఇనప కడ్డీ) పావు తిప్పు బిగించి, తీగలు మళ్లీ శృతి చేసి, కాసేపు ఆగి చూడండి. మొరాయిస్తే బలవంతం చెయ్యొద్దు, రాడ్ విరిగితే ఆ నెక్ కథ దాదాపు ముగిసినట్టే. కొన్ని చవక గిటార్లకి తిప్పే రాడ్డే ఉండదు, లోపల ఉత్త ఇనప పట్టీ ఉంటుంది. అలాంటి వాటికి 9-42 సైజు సన్న తీగలు వేస్తే లాగుడు తగ్గుతుంది. నెక్ తిన్నగానే ఉండి, బ్రిడ్జ్ పూర్తిగా దించినా తీగలు ఎత్తుగానే ఉంటే, నెక్ విప్పి దాని గాడిలో బ్రిడ్జ్ వైపు చివర పల్చటి చెక్క పేడు పెట్టండి. ఒక మిల్లీమీటరు కూడా అక్కర్లేదు.

తీగలు తీసేముందు, బ్రిడ్జ్ బాడీకి బిగించకుండా ఊరికే ఆనుకుని ఉండే రకమైతే, అది ఎక్కడుందో టేపు అంటించి గుర్తు పెట్టుకోండి. ఫ్రెట్లు 0000 నంబరు స్టీల్ ఊల్‌తో (సన్నటి ఇనప పీచు) రుద్దితే మెరుస్తాయి. కానీ ముందు పికప్‌లని (తీగల కింద ఉండి, అయస్కాంతాలతో వాటి కదలికని పట్టే భాగాలు) టేపుతో పూర్తిగా మూసేయండి, లేకపోతే ఆ ఇనప రజనంతా అయస్కాంతాలకి అతుక్కుని ప్రాణం తీస్తుంది.

ఇక కరెంటు సంగతి. నాబ్ తిప్పితే గరగరమంటోందా? అది చాలావరకు లోపలి దుమ్మే. పాట్ (నాబ్ కింద ఉండే కంట్రోల్) సందులోకి కాంటాక్ట్ క్లీనర్ కొంచెం కొట్టి, ఇటు చివర నుంచి అటు చివరకి పాతికసార్లు తిప్పండి. అసలు సౌండే రాకపోతే గిటార్‌ని ఆంప్‌కి (యాంప్లిఫయర్) కలిపి, వాల్యూమ్ కాస్త తగ్గించి, పికప్ మీద స్క్రూడ్రైవర్‌తో మెల్లగా తట్టండి. టక్‌మని వినిపిస్తే అది బతికే ఉంది. వినిపించకపోతే దాని వైరు ఒక కొస విడదీసి మల్టీమీటర్ పెట్టండి: సింగిల్ కాయిల్‌కి (ఒకే వైరు చుట్ట ఉన్న పికప్) మామూలుగా 5 నుంచి 8 కిలో ఓమ్‌లు చూపిస్తుంది, అసలేమీ చూపించకపోతే కాయిల్ తెగినట్టు. హమ్ వస్తూ, తీగలు ముట్టుకున్నా ఏమాత్రం తగ్గకపోతే బ్రిడ్జ్‌కి వెళ్లే గ్రౌండ్ వైరు ఊడిందేమో చూడండి.

టంకం పెట్టేముందు ఫోటో తీసుకోండి. మొదటిసారి నేను గుర్తుంటుందిలే అని నాలుగు వైర్లు కత్తిరించేశాను, ఏది ఎక్కడిదో తేల్చుకోవడానికి మూడు సాయంత్రాలు పట్టింది. అన్నట్టు, ఇదే ఊపులో పాత వాల్వ్ ఆంప్ మాత్రం విప్పకండి, ప్లగ్ తీసేశాక కూడా దాని కెపాసిటర్లలో ప్రాణం తీసేంత కరెంటు నిలిచి ఉండొచ్చు.

చివరగా కొత్త తీగలు వేసి, పన్నెండో ఫ్రెట్ మీద హార్మోనిక్‌నీ (తీగని నొక్కకుండా, వేలు తాకీ తాకనట్టు పెట్టి మీటితే వచ్చే స్వరం), అక్కడే నొక్కి వాయించిన స్వరాన్నీ ట్యూనర్‌లో పోల్చండి. నొక్కినప్పుడు శృతి ఎక్కువ చూపిస్తే సాడిల్‌ని (బ్రిడ్జ్ మీద ఆ తీగ ఆనే ముక్క) వెనక్కి, తక్కువైతే నెక్ వైపుకి జరపండి, జరిపిన ప్రతిసారీ మళ్లీ శృతి చేయండి. ఆరు తీగలకీ కలిపి ఒకటే కమ్మీ ఉన్న పాత బ్రిడ్జ్ అయితే అన్నీ కచ్చితంగా కుదరవు. అటు చివరదీ ఇటు చివరదీ కుదిరితే, మధ్యవి కాస్త అటూఇటూగా ఉన్నా వదిలేయండి.