స్టార్ట్ లైన్ మీద కారును బ్రేకుతో నిలబెట్టడం ఎలా

ఆటోమేటిక్ గేర్‌బాక్స్, వెనక చక్రాల డ్రైవ్ ఉన్న డ్రాగ్ కారు (తిన్నటి ట్రాక్ మీద కొద్ది దూరం రేసు చేసే కారు) గురించి ఇది. ఎడమ కాలు బ్రేకు మీద, కుడి కాలు యాక్సిలరేటర్ మీద పెట్టి, ఇంజన్‌ను కొంత ఆర్‌పీఎం దగ్గర బిగబట్టి, లైటు పడగానే వదలడం. దీన్ని ఫుట్ బ్రేకింగ్ అంటారు. చెప్పినంత తేలిక కాదు. ప్రతిసారీ అదే ఆర్‌పీఎం దగ్గర, అదే ఒత్తిడితో నిలబెట్టగలిగితేనే టైములు ఒకేలా వస్తాయి. అది కాలి అలవాటు కంటే ఎక్కువగా వెనక బ్రేకుల మీద ఆధారపడి ఉంటుంది.

భారం ఎవరి మీద పడుతుంది

ముందు బ్రేకులు కారు దొర్లకుండా ఆపుతాయి, అంతే. ఇంజన్ తిప్పేది వెనక చక్రాలను కాబట్టి ఆ తోపును నేరుగా ఎదిరించాల్సింది వెనక బ్రేకులే. చాలామంది ముందు డిస్కులు పెద్దవి వేయించి, వెనక వాటిని పట్టించుకోరు. తర్వాత కారు స్టేజ్ లైట్లు (స్టార్ట్ లైన్ దగ్గర కారు సరైన చోట ఉందని చూపేవి) దాటి ఎందుకు జారిపోతోందో అర్థం కాక తలపట్టుకుంటారు.

లెక్క చూడండి. కారు నిలబడి ఉన్నప్పుడు టార్క్ కన్వర్టర్ (ఇంజన్ తోపును ఆయిల్ ద్వారా గేర్‌బాక్స్‌కు అందించే భాగం) మీద పడే లోడు ఆర్‌పీఎం వర్గంతో పెరుగుతుంది. 4000 దగ్గర 400 న్యూటన్ మీటర్లు తీసుకునే కన్వర్టర్, 2000 దగ్గర 100 మాత్రమే తీసుకుంటుంది. ఆ 100ను కన్వర్టర్ రెట్టింపు చేస్తుంది, ఫస్ట్ గేరు 2.5, వెనక యాక్సిల్ 4.1 అనుకుంటే చక్రాల దగ్గర మొత్తం 2050 న్యూటన్ మీటర్లు. అదే 2500 ఆర్‌పీఎంకి 3200 అవుతుంది. 3000కి 4600.

ఇటు బ్రేకు వైపు చూస్తే, 45 మిల్లీమీటర్ల సింగిల్ పిస్టన్ కాలిపర్‌కు (ప్యాడ్లతో డిస్కును నొక్కి పట్టే భాగం) 70 బార్ ఒత్తిడి, ప్యాడ్ ఘర్షణ 0.4, డిస్కు మీద ప్యాడ్ పట్టే చోటు మధ్య నుంచి 13 సెంటీమీటర్ల దూరం అనుకుంటే ఒక్కో చక్రానికి సుమారు 1150, రెండూ కలిపి 2300. అంటే 2000 దగ్గర కారు గట్టిగా నిలబడుతుంది. 2500 దగ్గర మిగిలిన 900 ముందు చక్రాల మీద పడుతుంది, అవి ఎలాగో ఓర్చుకుంటాయి. 3000కి వెళితే మిగిలేది 2300. 35 సెంటీమీటర్ల వ్యాసార్ధం ఉన్న టైరు దగ్గర అది సుమారు 670 కిలోల తోపు. సన్నటి ముందు టైర్లు అంత పట్టు ఇవ్వలేవు. జిగురు వేసిన ట్రాక్ మీద వెనక టైర్లు గట్టిగా అతుక్కుంటాయి కాబట్టి, లాక్ అయిన ముందు చక్రాలు ఈడ్చుకుంటూ ముందుకు పోతాయి. ఆర్‌పీఎం కాస్త పెంచితే ఏమవుతుందిలే అనుకోవద్దు, ఆ కాస్తలోనే కారు చేయి దాటిపోతుంది.

ఒత్తిడి ఎక్కడి నుంచి వస్తుంది

పెడల్ మీద 40 కిలోల బలం, పెడల్ నిష్పత్తి 6:1 అయితే, 7/8 అంగుళం మాస్టర్ సిలిండర్‌తో (పెడల్ తోపును బ్రేకు ఆయిల్ ఒత్తిడిగా మార్చేది) 60 బార్ వస్తుంది. ఒక అంగుళం సిలిండర్‌తో 46 మాత్రమే. చిన్న బోరు వేస్తే ఒత్తిడి పెరుగుతుంది, కానీ పెడల్ ఎక్కువ దూరం దిగుతుంది. నేలకు తగలకుండా ఉందో లేదో చూసుకోవాలి. కాలిపర్ బ్లీడర్ రంధ్రానికి (గాలి తీసే చోటు) బిగించే ప్రెజర్ గేజ్ దొరుకుతుంది. వెనక చక్రం దగ్గర దాన్ని పెట్టి, మామూలుగా తొక్కే బలంతో తొక్కి, ముల్లు ఎంత చూపిస్తోందో చూడండి. 70 బార్ కంటే బాగా తక్కువ ఉంటే ఇంకే ప్రయత్నమూ దండగ. మొదట బ్రేకు లైన్లలోని గాలి పూర్తిగా తీయండి, తర్వాత పెడల్ నిష్పత్తి, సిలిండర్ సంగతి చూడండి. వెనక లైనులో ప్రపోర్షనింగ్ వాల్వ్ ఉంటే అది కావాలనే అక్కడి ఒత్తిడి తగ్గిస్తుంది. దాన్ని పూర్తిగా తెరిస్తే స్టార్ట్ లైన్ దగ్గర పట్టు పెరుగుతుంది. అయితే ఫినిష్ తర్వాత వేగంలో బ్రేకు వేసినప్పుడు వెనక చక్రాలు ముందే లాక్ అయ్యి కారు గిర్రున తిరిగిపోయే ప్రమాదం ఉంది. మార్చిన ప్రతిసారీ తక్కువ వేగంలో బ్రేకు వేసి చూశాకే రన్‌కు వెళ్లండి.

పెద్ద క్యామ్ (వాల్వులను తెరిచే షాఫ్ట్) వేసిన ఇంజన్లలో ఐడిల్ వాక్యూమ్ తక్కువ, కాబట్టి ఆ వాక్యూమ్‌తో పెడల్ బలాన్ని పెంచే పవర్ బ్రేకు బూస్టర్ సరిగ్గా పనిచేయదు. యాక్సిలరేటర్ తొక్కితే ఉన్నదీ పోతుంది. అందుకే వరస ఎప్పుడూ ముందు బ్రేకు, తర్వాత యాక్సిలరేటర్. మధ్యలో పెడల్ వదిలి మళ్లీ తొక్కితే రెండోసారి ఆ సాయం ఉండకపోవచ్చు.

ప్యాడ్ల విషయంలో ఒక మాట. రోడ్ రేసింగ్ ప్యాడ్లు వేడెక్కితేనే పడతాయి. స్టార్ట్ లైన్ దగ్గర బ్రేకులు చల్లగా ఉంటాయి, కాబట్టి చల్లగా ఉన్నప్పుడే పట్టే రకం కావాలి. డ్రమ్ము బ్రేకులను చులకన చేయకండి. ముందుకు తిరిగేటప్పుడు షూ తనంతట తానే డ్రమ్ముకు బిగుసుకుంటుంది. షూలు దగ్గరగా సెట్ చేస్తే ఫుట్ బ్రేకింగ్‌కు డ్రమ్ములు చాలా బాగా నిలబెడతాయి.

లైన్ లాక్ ఎందుకు, ఎందుకు కాదు

లైన్ లాక్ అనేది ముందు బ్రేకుల లైనులో పెట్టే సోలెనాయిడ్ వాల్వ్. పెడల్ గట్టిగా తొక్కి, బటన్ నొక్కి పట్టి, పెడల్ వదిలితే ఒత్తిడి ముందు చక్రాల దగ్గరే ఉండిపోతుంది. వెనక చక్రాలు స్వేచ్ఛగా తిరుగుతాయి. బర్నౌట్‌కు (రన్‌కు ముందు వెనక టైర్లను ఉన్నచోటే తిప్పి వేడెక్కించడం) అదే కావాలి. లేకపోతే బర్నౌట్ అంతా వెనక బ్రేకులు రాసుకుంటూ వేడెక్కి, ప్యాడ్ మీద గాజులా పొర కడుతుంది, తర్వాత లైన్ దగ్గర పట్టవు. కానీ ఆటోమేటిక్ కారును ఇంజన్ తోపుకు ఎదురుగా నిలబెట్టడానికి లైన్ లాక్ ఒక్కటే చాలదు, వెనక దాని పట్టు సున్నా. మాన్యువల్ కారులో మాత్రం రెండు కాళ్లూ క్లచ్, యాక్సిలరేటర్ మీద ఉంటాయి కాబట్టి కారు దొర్లకుండా ఉంచేది అదే. క్లచ్ వదిలే క్షణంలోనే బటన్ వదలాలి. సోలెనాయిడ్ వేడెక్కుతుంది, అర నిమిషం కంటే ఎక్కువ నొక్కి పట్టకండి, పార్కింగ్ బ్రేకులా అసలు వాడకండి.

కాళ్ల పని

ముందు మీ కారు ఆర్‌పీఎం కనుక్కోండి. టెస్ట్ రోజున, ముందు ఎవరూ లేనప్పుడు, బ్రేకు పూర్తిగా తొక్కి ఐడిల్ నుంచి 200 చొప్పున పెంచండి. కారు కదలడం మొదలైన చోటు నుంచి 300 తగ్గించండి. అదే మీ అంకె.

ప్రీ స్టేజ్ బల్బు వెలిగాక ఆగండి. ప్రీ స్టేజ్, స్టేజ్ కిరణాల (ముందు టైరు అడ్డుపడగానే ఆ బల్బులను వెలిగించే కాంతి కిరణాలు) మధ్య దూరం 7 అంగుళాలే. ఇక్కడ యాక్సిలరేటర్‌తో ముందుకు నెట్టకండి. 1200, 1500 దగ్గర ఇంజన్‌ను స్థిరంగా ఉంచి, బ్రేకు ఒత్తిడిని మాత్రమే కొద్దికొద్దిగా సడలించండి, కారు అంగుళం అంగుళం పాకుతుంది. స్టేజ్ బల్బు వెలగగానే బ్రేకు బిగించండి. అక్కడ ఆగితే స్టేజ్ కిరణం దాటడానికి టైరుకు ఎక్కువ దూరం మిగిలి ఉంటుంది. ఇంకా పాకితే ప్రీ స్టేజ్ ఆరిపోతుంది, రియాక్షన్ టైము (లైటు పడ్డాక కారు కదలడానికి పట్టే సమయం) లెక్క మారుతుంది.

ఇప్పుడు బ్రేకు పూర్తి బలంతో తొక్కి, తర్వాతే మీ అంకెకు ఆర్‌పీఎం పెంచండి. అర సెకను తేడాతో మూడు పసుపు లైట్లు పడే ట్రీ (స్టార్ట్ లైట్ల స్తంభం) మీద మూడో పసుపు కనబడగానే వదలాలి, పచ్చ కోసం ఆగితే ఆలస్యమే. కాలు పైకి ఎత్తకండి, పెడల్ మీద నుంచి పక్కకు జార్చండి. ఎత్తితే ఒత్తిడి నెమ్మదిగా దిగుతుంది, అదీ ప్రతిసారీ ఒక్కోలా. అదే క్షణంలో కుడి కాలు నేలదాకా.

ఎక్కువసేపు పట్టి ఉంచకూడదు. 2000 దగ్గర 100 న్యూటన్ మీటర్లంటే 21 కిలోవాట్లు, అదంతా గేర్‌బాక్స్ ఆయిల్‌లోకి వేడిగా పోతుంది. 2500కి 41. మూడు నాలుగు సెకన్లు మించితే ఆర్‌పీఎం దించి, అవతలి కారు స్టేజ్ అయ్యాక మళ్లీ పెంచండి.

బ్రేకు వదిలినా కారు బరువుగా కదులుతుంటే వెనక బ్రేకు పూర్తిగా వదలడం లేదు. జాకీ ఎత్తి, ఇంజన్ ఆపి, గేరు న్యూట్రల్‌లో పెట్టి, ఒకరు గట్టిగా తొక్కి వదలగానే రెండోవారు చక్రం చేత్తో తిప్పాలి. వెంటనే తేలిగ్గా తిరగాలి. తిరగకపోతే కాలిపర్ స్లైడ్ పిన్నులు బిగుసుకున్నాయా, షూలు మరీ దగ్గరగా ఉన్నాయా, డిస్కు బ్రేకులకు డ్రమ్ముల రెసిడ్యువల్ వాల్వ్ (పెడల్ వదిలాక కూడా లైనులో కొద్ది ఒత్తిడి నిలిపేది) పడిందా చూడండి. డ్రమ్ములకు 10 పీఎస్ఐది, డిస్కులకు 2 పీఎస్ఐది వేస్తారు. తారుమారైతే ప్యాడ్లు ఎప్పుడూ రాసుకుంటూనే ఉంటాయి.

ఇవన్నీ సరిగ్గా ఉన్నా ఇంకా ఎక్కువ ఆర్‌పీఎం కావాలంటే బ్రేకులతో కుస్తీ ఆపి ట్రాన్స్‌బ్రేక్ వేయించుకోండి. అది గేర్‌బాక్స్ లోపల ఫస్ట్, రివర్స్ రెండూ ఒకేసారి పట్టించి, ఫుల్ థ్రాటిల్‌లో కూడా కారును కదలనివ్వదు. బటన్ వదిలిన దెబ్బ డ్రైవ్‌షాఫ్ట్, యాక్సిళ్ల మీద చాలా గట్టిగా పడుతుంది. వాటిని ముందు బలపరచి, డ్రైవ్‌షాఫ్ట్ లూప్ (షాఫ్ట్ విరిగితే కింద పడకుండా పట్టుకునే కడ్డీ) బిగించాకే ఆ పని పెట్టుకోండి.